దాచవలసినది పొడిని, వండినదానిని కాదు

వైద్యవృత్తిలో గడిపిన సంవత్సరాలలో నేను ఎక్కువ పర్యాయాలు విన్న మాటలలో ఇది ఒకటి: “బయటిది ఏదీ పెట్టడం లేదండీ, అంతా ఇంట్లో చేసినదే.” బిడ్డ బరువు పెరగడం లేదనో, పది రోజులకొకసారి విరేచనాలు పట్టుకుంటున్నాయనో తీసుకువచ్చిన తల్లి గాని, అమ్మమ్మ గాని, నాయనమ్మ గాని మొదట చెప్పే మాట అదే. అందులో కొంత గర్వం, కొంత ఆత్మరక్షణ ఉంటాయి. ఇంటి తిండి మంచిదన్న వారి నమ్మకంతో నాకు ఏ మాత్రం పేచీ లేదు. అయితే ఇంట్లో చేసినంత మాత్రాన ఆహారం బలమైనదీ కాదు, సురక్షితమైనదీ కాదు. ఎంత చిక్కగా చేశాము, చేసిన ఎంతసేపటికి పెట్టాము అన్న రెండు విషయాలే దాని మంచి చెడ్డలను నిర్ణయిస్తాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ రెండింటిని గురించే.

ఒక ఉదాహరణతో మొదలుపెడతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక నాయనమ్మ ఎనిమిది నెలల మనుమరాలిని తీసుకువచ్చింది. తల్లి ఉపాధ్యాయురాలు. సెలవు ముగిసి బడికి వెళ్ళడం ప్రారంభించింది. పాప అయిదవ నెలలో 6.3 కిలోలు, ఎనిమిదవ నెలలో 6.5 కిలోలు. అంటే మూడు నెలలలో పెరిగినది 200 గ్రాములు మాత్రమే. ఆ మధ్య మూడుసార్లు విరేచనాలు కూడా అయినవి.

“ఏమి పెడుతున్నారమ్మా?” అని అడిగాను.

“రాగిజావ, డాక్టరుగారూ. పొద్దున ఆరింటికి కాచి ఫ్లాస్కులో పోసిపెడతాను. మధ్యాహ్నం లోపల మూడుసార్లు తాగుతుంది. ఒక్క చుక్క మిగల్చదు.”

“పిండి ఎంత వేస్తారు?”

“గ్లాసుడు నీళ్ళకు రెండు చెంచాలు. చిక్కగా పెడితే పసిపిల్లకు అరగదు కదండీ!”

ఆ రెండు జవాబులలోనే పాప జబ్బు మొత్తం ఉన్నది. మందుల చీటీ పక్కన పెట్టి, ఒక కాగితం మీద ఆమెకు లెక్క చూపించాను. ఆ లెక్కను ఇక్కడ మరల వ్రాస్తున్నాను.

జావ లెక్క

చిన్న చెంచాడు పిండి సుమారు 5 గ్రాములు. రెండు చెంచాలు 10 గ్రాములు. రాగిపిండి అయినా బియ్యప్పిండి అయినా 10 గ్రాములకు దాదాపు 34 కాలరీలు వస్తాయి. అది 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిసింది. కనుక 100 మిల్లీలీటర్ల జావలో ఉన్నవి 17 కాలరీలు. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు 65 నుండి 70 కాలరీలు ఉంటాయి. బలం వస్తుందని ఆ తల్లీ నాయనమ్మా ఎంతో శ్రద్ధగా కాచిన జావలో పాలలో నాలుగవ వంతు బలం మాత్రమే ఉన్నది.

ఆరు నెలలు నిండిన తరువాత తల్లిపాలు ఒక్కటే చాలవు. ఆరు నుండి ఎనిమిది నెలల వయసులో పాలు గాక ఇతర ఆహారం నుండి రోజుకు సుమారు 200 కాలరీలు రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తొమ్మిది నుండి పదకొండు నెలల వరకు 300, ఆ తరువాత రెండవ ఏడంతా 550. పైన చెప్పిన జావతో 200 కాలరీలు రావాలంటే పాప రోజుకు దాదాపు ఆరు గ్లాసులు త్రాగాలి. కాని ఆ వయసు బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. ఆరున్నర కిలోల పాపకు అది ఒక గ్లాసు. నీళ్ళవంటి జావతో ఆ గ్లాసు నిండిపోయిన బిడ్డ నిద్రపోతుంది. “కడుపు నిండింది” అని పెద్దలు సంతోషిస్తారు. నిజానికి కడుపు నిండినది నీటితో. అంతకన్న నష్టం ఏమిటంటే, ఆ నీరు పాలకు చోటు లేకుండా చేస్తుంది.

ఈ పొరపాటు చదువు లేనివారు చేసేదని అనుకోవద్దు. పట్టణాలలో మిక్సీలో మెత్తగా రుబ్బి, వడకట్టి, సీసాలో పోసి త్రాగించే ఇళ్ళలోనూ ఇదే కథ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నుండి 23 నెలల పిల్లలలో వయసుకు తగిన ఆహారం అందుతున్నవారు 11.3 శాతం మాత్రమే. అయిదేళ్ళ లోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు పెరగనివారు దేశంలో 35.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఇందుకు పేదరికం ఒక పెద్ద కారణమే. అయితే అన్నం, పప్పు, నేయి ఉన్న ఇళ్ళలో కూడా బిడ్డ గిన్నెలోకి నీరే ఎక్కువగా చేరడం నేను కళ్ళారా చూశాను.

“చిక్కగా పెడితే అరగదు” అన్నది అపోహ. ఆరు నెలలు నిండిన ఆరోగ్యవంతమైన బిడ్డ మెత్తని ముద్దను మ్రింగగలదు, అరిగించుకోగలదు. కొలత సులువు. చెంచాతో తీసి కొద్దిగా వంచితే వెంటనే జారిపోకుండా చెంచాలోనే నిలవాలి. త్రాగడానికి వీలైన పలుచదనం ఉన్నదంటే అది బిడ్డకు తగిన ఆహారం కాదు. దానిపైన ఒక చిన్న చెంచాడు నేయి గాని నూనె గాని వేస్తే మరో 45 కాలరీలు చేరతాయి. పరిమాణం పెరగకుండా బలం పెరగడానికి ఇంతకన్న సులువైన మార్గం లేదు.

మొలక చేసే మేలు

మరీ చిక్కగా ఉంటే బిడ్డ ఉమ్మివేస్తుందన్న ఫిర్యాదు నిజమే. దానికి మన వంటింట్లోనే మంచి ఉపాయం ఉన్నది. రాగులను రాత్రంతా నానబెట్టి, నీరు వంచి, గుడ్డలో మూటకట్టి ఒకటిన్నర రోజు ఉంచితే మొలకలు వస్తాయి. వాటిని ఎండబెట్టి, మొలకలు రాలేటట్లు నలిపి, సన్నని సెగమీద పచ్చి పోయేంత వరకు వేయించి విసరితే రాగిమాల్టు సిద్ధమవుతుంది. మొలకెత్తే సమయంలో గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది పిండిపదార్థాన్ని చిన్న ముక్కలుగా విడగొడుతుంది. చిక్కగా వండిన సంకటి కొద్దిగా చల్లారిన తరువాత, ఇంకా వేడిగా ఉండగానే, అర చెంచాడు మాల్టు పిండి కలిపితే కొద్ది నిమిషాలలో అది పలుచబడుతుంది. అప్పుడు ఒకసారి పొంగు రానిచ్చి దింపాలి. నీరు చేర్చకుండానే పలుచబడింది కనుక బలం తగ్గలేదు. సెగ ఎక్కువై గింజ మాడితే ఆ ఎంజైము నశిస్తుందని గుర్తుంచుకోవాలి.

బరోడాలో తారా గోపాలదాసు మొదలైన పోషకాహార శాస్త్రవేత్తలు ఈ గుణాన్ని శాస్త్రీయంగా పరిశీలించి చూపారు. మన పెద్దలకు ఎంజైము పేరు తెలియకపోవచ్చు గాని ఆ పని తెలుసు.

పొడి ఎందుకు, ఎట్లా

ఇక నిలవ విషయానికి వస్తాను. ఫ్లాస్కులో పోసిన జావ ఉదయం కాచినప్పుడు శుభ్రమైనదే. కాని బియ్యంలోను, ఇతర ధాన్యాలలోను బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి సిద్ధబీజాలు సహజంగా ఉంటాయి. ఇవి గట్టి కవచం గల విత్తనాల వంటివి. ఉడికించినా చావవు. 5 డిగ్రీల సెల్సియస్‌కు పైన, 60 డిగ్రీలకు దిగువన ఉన్న గోరువెచ్చని తడి ఆహారం వాటికి అనువైన పొలం. మూడుసార్లు మూత తీసిన ఫ్లాస్కులో జావ మధ్యాహ్నానికి చేరేది సరిగ్గా అక్కడికే. ఆ సూక్ష్మజీవి ఆహారంలో విడుదల చేసే ఒక విషపదార్థం మరల మరిగించినా పోదు. కనుక “మళ్ళీ వేడిచేసి పెట్టాము కదా” అన్నది సమాధానం కాదు.

పొడిగా ఉన్న పిండిలో ఆ సిద్ధబీజాలు ఉన్నా మొలకెత్తలేవు. వాటికి నీరు కావాలి. అందుకే నా అభిప్రాయం ఇది: బిడ్డ ఆహారంలో దాచవలసినది పొడిని. వండినదానిని ఆ పూటకే వండాలి. ఉగ్గు అన్న పదార్థం వెనుక ఉన్న తెలివి ఇదే. బియ్యం, పెసరపప్పు, కందిపప్పు వేయించి విసరి డబ్బాలో పోసుకున్న ఇంట్లో బిడ్డకు ఆకలి వేసిన పది నిమిషాలలో వేడివేడి ఉగ్గు తయారవుతుంది. దాచిపెట్టిన జావ అవసరమే రాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ కూడా ఈ తీరుదే. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగపప్పు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. ఈ మొత్తానికి సుమారు 330 కాలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. అది పోషకాహారం లోపించిన పిల్లలను ఉద్దేశించి చేసినది. మామూలు బిడ్డకు బెల్లం మానివేసి, బాగా పండిన అరటిపండు మెదిపి కలిపితే సరిపోతుంది. అంగన్‌వాడీలలో ఇచ్చే బాలామృతం కూడా పొడియే. అది బిడ్డ పేరున ఇంటికి వచ్చి ఇంటిల్లిపాదికీ పంపిణీ కావడం మాత్రం విచారకరం.

పొడి చేసుకొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. పప్పులు, ధాన్యాలు కడిగి పూర్తిగా ఆరనిచ్చి, విడివిడిగా వేయించాలి. వేరుశనగలో ముడుచుకుపోయిన గింజలు, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారవేయాలి. ఆ బూజు వలన పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయానికి హానికరం, వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. మర పట్టించేటట్లయితే మీకు ముందు కారమో పసుపో పట్టలేదని చూసుకోవాలి. ఇంట్లో మిక్సీలో కొద్దికొద్దిగా చేసుకొనడం మరింత మంచిది. పొడి పూర్తిగా చల్లారిన తరువాతనే మూత పెట్టాలి. వేడిమీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. తడి చెంచా ముంచరాదు. నూనె గింజలు కలిసిన పొడి త్వరగా ముక్కిపోతుంది కనుక రెండు, మూడు వారాలకు సరిపడా మాత్రమే చేసుకోవాలి. ముక్కిన వాసన వస్తే మొహమాటం లేకుండా పారవేయాలి.

ఇంటి కుండలోనే బిడ్డ ముద్ద

పొడి కూడా అన్ని పూటలా అవసరం లేదు. ఇంట్లో అందరికీ వండే వంటలోనే బిడ్డకు కావలసినది ఉంటుంది. ఉప్పు, కారం, పోపు వేయకముందు రెండు గరిటెల పప్పు తీసి పక్కన పెట్టండి. మెత్తగా ఉడికిన అన్నంలో ఆ ముద్దపప్పు, నేయి, ఉడికిన క్యారెట్టో గుమ్మడికాయో తోటకూరో కలిపి మెదపండి. తినేవారైతే ఉడికిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప, మెత్తని మాంసం, కాలేయం ఆరు నెలల తరువాత పెట్టవచ్చు. గుడ్డును ఏడాది దాకా ఆపడంలో ప్రయోజనం లేదు. మొదటి ఏడాది ఆహారంలో ఉప్పు వేయవద్దు. ఏడాది నిండేవరకు తేనె నాలుకకు రాయవద్దు. తేనెలోని ఒక రకం సిద్ధబీజాల వలన పసిబిడ్డలకు బొటులిజం అనే ప్రమాదకరమైన పక్షవాతం రావచ్చు. గట్టి వేరుశనగ గింజలు, ద్రాక్షపండ్లు గొంతుకు అడ్డుపడతాయి. పొడి రూపంలో, మెదిపిన రూపంలో ఇవ్వండి.

ఎనిమిది, తొమ్మిది నెలలకు చిన్న పలుకులు తగిలేటట్లు పెట్టాలి. ఎప్పుడూ మిక్సీలో రుబ్బినదే తిన్న బిడ్డ నమలడం ఆలస్యంగా నేర్చుకొంటుంది.

ఇంటి ఆహారానికి ఉన్న ఒక లోటును దాచిపెట్టడం న్యాయం కాదు. అది ఇనుము. 2019–21 సర్వేలో 6 నుండి 59 నెలల పిల్లలలో రక్తహీనత దేశంలో 67.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. రాగులలో కాల్షియం పుష్కలం గాని ఇనుము విషయంలో దానిమీద ఆధారపడలేము. ధాన్యాలలో ఉండే ఫైటేట్లు ఇనుమును ఒంటబట్టనీయవు. నానబెట్టి మొలకెత్తిస్తే అవి కొంత తగ్గుతాయి. ముద్దలో రెండు నిమ్మరసం చుక్కలు పిండితే ఇనుము మరింత బాగా ఒంటబడుతుంది. వీటితో పాటు ఆరు నెలలు నిండిన పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం సిరపును ఆశా కార్యకర్తను అడిగి తీసుకొని, వారానికి రెండుసార్లు ఒక్కొక్క మిల్లీలీటరు చొప్పున వేయాలి. కొన్ని డబ్బా ఆహారాలలో ఇనుము కలిపి ఉంటుందన్నది వాస్తవమే. కాని వాటి ధర, తీపి, పెద్ద అక్షరాల వాగ్దానాలు చూసి ఇంటి ముద్దను చిన్నచూపు చూడనక్కరలేదు. రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వరాదని 1992 నాటి చట్టం, దానికి 2003లో చేసిన సవరణ చెబుతున్నవి. ఆ నిషేధానికి కారణం తల్లి మనసులో అనుమానం నాటడం ఎంత సులువో ప్రభుత్వానికి తెలియడమే.

తప్పనిసరై దాచవలసి వస్తే

ఉద్యోగానికి వెళ్ళే తల్లి పూటపూటకూ వండలేదన్న మాట నాకు తెలుసు. తప్పనిసరి అయినప్పుడు ఈ నియమాలు పాటించండి.

వండిన వెంటనే ఒక్కొక్క పూటకు సరిపడా చిన్న గిన్నెలలోకి విడదీయండి. గిన్నెలను చల్లని నీటి పళ్ళెంలో ఉంచితే త్వరగా చల్లారుతాయి. గంటలోపల మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఎండాకాలంలో వండిన ఆహారం గంటకు మించి బయట ఉండరాదు. ఫ్రిజ్ 5 డిగ్రీలకు లోపల ఉండాలి. అందులో ఉంచినది 24 గంటల లోపల వాడివేయండి. పాలకూర, బీటురూటు, క్యారెట్టు కలిసినది ఆ పూటకే పరిమితం చేయండి. నిలవలో వాటిలోని నైట్రేట్లు హానికరమైన నైట్రైట్లుగా మారవచ్చు. కరెంటు నాలుగు గంటలకు మించి పోయినట్లయితే లోపలిది పారవేయండి.

తిరిగి వేడిచేసేటప్పుడు అంతటా పొగలు వచ్చేటట్లు కాచి, కలిపి, చల్లార్చి, మీ మణికట్టు మీద వేడి చూసుకొని పెట్టండి. వేడిచేయడం ఒక్కసారే. బిడ్డ చెంచా ముంచిన గిన్నెలో మిగిలినది, అది ఎంత నేయి వేసినదైనా సరే, మరో పూటకు ఉంచరాదు. ఉమ్మి తగిలిన ఆహారం త్వరగా చెడుతుంది. సీసా, పీక వద్దు. వాటి మూలలు శుభ్రం కావు. గిన్నె, చెంచా చాలు. వండేముందు, పెట్టేముందు సబ్బుతో చేతులు కడుగుకొనడం అన్నిటికన్న చవకైన మందు.

విరేచనాలు పట్టుకొంటే ఆహారం మానిపించవద్దు. తల్లిపాలు, ఓఆర్‌ఎస్, మెత్తని ముద్ద కొద్దికొద్దిగా ఇస్తూ ఉండండి. మలంలో రక్తం కనిపించినా, కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఈ భారం ఎవరిది?

ఇంతవరకు చెప్పినదంతా తల్లికి చెప్పే సలహాగా కనిపిస్తుంది. అదే నాకు ఇబ్బందిగా ఉన్నది. 2017 సవరణ తరువాత మన చట్టం మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు ఇస్తున్నది. అందులో ఎనిమిది వారాల వరకు ప్రసవానికి ముందే వాడుకోవచ్చు. 26 వారాలంటే ఆరు నెలలు. అంటే బిడ్డకు తొలి ముద్ద పెట్టవలసిన సమయానికి, ఆ పనికి అన్నిటికన్న ఎక్కువ ఓపిక కావలసిన సమయానికి, తల్లి ఉద్యోగంలో చేరి ఉంటుంది. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలలో శిశు సంరక్షణ గది ఉండాలని అదే చట్టం చెబుతున్నది. మీ కార్యాలయంలో ఉన్నదా అని ఒకసారి అడిగి చూడండి. ఇక కూలికి పోయే తల్లికి ఆ సెలవూ లేదు, ఆ గదీ లేదు. ఆమె పొద్దున కాచిన జావను సాయంత్రం వరకు దాచకుండా ఏమి చేయగలదు? ఆమెను మందలించే హక్కు నాకు లేదు.

ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వం చేసేవరకు ఇల్లు చేయగలిగినది ఒకటి ఉన్నది. ఉగ్గు కలపడం పది నిమిషాల పని. పప్పు, పొడి, నేయి ఎక్కడ ఉన్నవో తండ్రికీ తాతకూ తెలిసి ఉంటే మధ్యాహ్నపు ముద్ద కోసం పొద్దుటి జావ ఫ్లాస్కులో కాచుకొని కూర్చోనక్కరలేదు. బిడ్డ అన్నప్రాశనకు బంధువులందరినీ పిలుస్తాము. ఆ మరునాటి నుండి వచ్చే ఏడాదిన్నర పాటు ముద్దలు పెట్టే పనిని ఒక్క మనిషికి వదిలివేస్తాము. ఆ పద్ధతి మారాలి.

ఆ పాప విషయం చెప్పి ముగిస్తాను. మందులేవీ వ్రాయలేదు, ఇనుము చుక్కలు తప్ప. పప్పు, బియ్యం, రాగిమాల్టు వేరువేరు డబ్బాలలో పొడిగా చేసి ఉంచుకొని, ఏ పూటకు ఆ పూట చిక్కగా వండి, నేయి వేసి పెట్టమన్నాను. తాతగారికి కూడా నేర్పమన్నాను. రెండు నెలలకు పాప 7.3 కిలోలయింది. ఆ రోజు ఎత్తుకొని వచ్చినది తాతగారే. ఎన్ని చెంచాల పొడికి ఎన్ని నీళ్ళో నేను అడగకముందే అప్పజెప్పారు. వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, “ఆ ఫ్లాస్కు ఊరికే పడి ఉన్నదండీ, ఏం చేయమంటారు?” అని అడిగారు. “మీరు కాఫీ పోసుకోండి” అన్నాను.